వేట నిషేధం 61 రోజులు, మా ముందు మూడు లైబ్రరీలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. కొందరు ఇంజిన్లు విప్పి బాగుచేయించుకుంటారు, కొందరు రంగులు వేయించుకుంటారు, వలలకు చిరుగులు కుట్టుకుంటారు. హార్బర్‌లో కమీషన్ వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే మాకు కూడా మరమ్మతుల కాలం అదే. వేట నడిచే రోజుల్లో, తెల్లవారుజామున చేపల వేలంపాట మొదలయ్యాక, స్క్రీన్ మీద ఒక్క బటన్ చోటు మార్చినా అక్కడ పని ఆగిపోతుంది. అందుకే 2025 వేసవిలో ఆ రెండు నెలలూ అప్లికేషన్ మొత్తాన్ని తిరగరాయడానికి పెట్టుకున్నాం. అందులో మొదటి మూడు వారాలు ఏ లైబ్రరీతో, అంటే స్క్రీన్లు కట్టడానికి వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన ఏ కోడ్‌తో, రాయాలో తేల్చుకోవడానికే పట్టాయి. ఆ మూడు వారాల గురించే ఇది.

మాది ద్వారకానగర్‌లో మేడ మీద రెండు గదుల ఆఫీసు. ముగ్గురం. నేను, హైదరాబాద్‌లో నాలుగేళ్లు రియాక్ట్ అనే లైబ్రరీ మీద పనిచేసి ఊరికి తిరిగొచ్చిన ఒక మిత్రుడు, మాతో చేరి ఆరు నెలలైన ఒక జూనియర్ అమ్మాయి. ఆ అమ్మాయికి హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రాసే భాష), జేక్వెరీ (పాతకాలపు లైబ్రరీ) బాగా వచ్చు. రేపు ఈ అప్లికేషన్‌ని రోజువారీ చూసుకోవాల్సింది తనే.

పాత అప్లికేషన్ నేను 2016లో జేక్వెరీతో రాశాను. దాన్ని మార్చాలని అంతకుముందు చాలాసార్లు అనుకున్నా, పట్టుబట్టి మార్చేలా చేసింది మాత్రం ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి వచ్చిన ఫోన్. హార్బర్‌లో ఒక వ్యాపారి దగ్గర ఇరవై ఏళ్లుగా గుమస్తాగా ఉన్న పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అంటాను.

"బాబూ, పైన ఒక లెక్క చూపిస్తంది, కింద ఒక లెక్క చూపిస్తంది. దేన్ని నమ్మమంటావు?"

వెళ్లి చూశాను. పైన బార్‌లో ఆ రోజు మొత్తం 48,350. కింద పట్టిక చివర 47,900. తేడా 450. ఎక్కడిదా అని వెతికితే దొరికింది. ఒక వంజరం చేపల లాట్‌కి, అంటే ఒకేసారి పాట పెట్టే కుప్పకి, ముందు 22 కిలోలని కొట్టి, మళ్లీ కాటా చూసి 21గా దిద్దారు. రేటు కిలో 450. దిద్దినప్పుడు నా కోడ్ ఆ వరసను మార్చింది, కింది మొత్తాన్ని మార్చింది, పైబార్‌ని మార్చడం మాత్రం మరిచిపోయింది. ఎందుకంటే పైబార్‌ని నేను మూడేళ్ల తర్వాత చేర్చాను, లాట్ దిద్దే కోడ్‌లో దానికి ఒక లైను రాయలేదు. ఆ పొద్దున ఆయన బోటు యజమానికి డబ్బులు ఇవ్వాల్సి ఉంది. నన్ను నమ్ముకుని పుస్తకం రాయడం మానేసిన మనిషి, ఆ రోజు కాగితం తీసుకుని మొదటి నుంచి కూడుకున్నారు. అది చూస్తూ పక్కన నిలబడటం నాకు చాలా కష్టమైంది.

ఇందులో జేక్వెరీని తప్పుపట్టడానికి ఏమీ లేదు. 2006లో జాన్ రెసిగ్ దాన్ని తెచ్చినప్పుడు బ్రౌజర్‌కో పద్ధతి ఉండేది. స్క్రీన్ మీద ఏ ముక్కనైనా ఒకే తీరుగా పట్టుకుని మార్చే వీలు అది ఇచ్చింది. చిక్కల్లా ఏమిటంటే, అలా రాసిన అప్లికేషన్‌లో అసలు లెక్క ఎక్కడుందని అడిగితే స్క్రీన్ మీదే ఉందని చెప్పాలి. మొత్తం కావాలంటే పట్టిక గళ్లలోంచి అంకెలు చదివి కూడుతాం. ఒక అంకె మారితే అది కనిపించే చోట్లన్నీ గుర్తుపెట్టుకుని మనమే మార్చాలి. తర్వాత వచ్చిన రియాక్ట్, వ్యూ, స్వెల్ట్ అన్నీ ఒక్క మాట దగ్గర కలుస్తాయి: లెక్క ఒక్కచోట ఉండాలి, స్క్రీన్ దాన్ని చూసి తనంతట తాను మారాలి. ఆ మార్పు ఎలా జరుగుతుందన్న దగ్గరే వాటి దారులు వేరవుతాయి.

మొదటి వారం చదవడంతో సరిపోయింది. యాంగ్యులర్‌ని త్వరగానే పక్కన పెట్టాం. రూటింగ్, ఫారాలు, టెస్టింగ్ అన్నీ ఒకే చోట ఇస్తుంది కాబట్టి పెద్ద టీములకు అది హాయి. ముగ్గురు మనుషులకు, పదకొండు స్క్రీన్లకు అంత సరంజామా అక్కర్లేదనిపించింది. మిగిలినవి మూడు. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్. అంతకుముందు గూగుల్‌లో పనిచేసిన ఇవాన్ యూ 2014లో విడుదల చేసిన వ్యూ. అప్పట్లో పత్రికల కోసం ఇంటరాక్టివ్ పేజీలు చేస్తున్న రిచ్ హారిస్ 2016లో తెచ్చిన స్వెల్ట్. మూడింటికీ ఎంఐటీ లైసెన్సే, ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి ఆ బెంగ లేదు.

పోలికల పట్టికలు ఎన్ని చదివానో లెక్కలేదు. వెయ్యి వరసలు గీయడానికి ఎన్ని మిల్లీసెకన్లు, పది వేలకు ఎన్ని అని కొలిచే ప్రసిద్ధమైన బెంచ్‌మార్క్ ఒకటుంది. దాన్ని రెండు రోజులు తిరగేశాక మా జూనియర్ అడిగింది, "అన్నా, మన దగ్గర ఒక రోజుకి గరిష్ఠంగా ఎన్ని లాట్లు ఉంటాయి?" పాత డేటా తీసి చూశాం. మంచి సీజన్‌లో ఒక వ్యాపారికి 180. వెయ్యి వరసల దగ్గర కనిపించే తేడా 180 దగ్గర మా పనికి ఏమీ చెప్పదు. ఆ పట్టికను అక్కడితో మూసేశాను.

సైజు సంగతి కూడా అలాగే తేలింది. ఖాళీ ప్రాజెక్టు తయారుచేసి బిల్డ్ చేస్తే (ఫోన్‌కి పంపే ఫైళ్లుగా మారిస్తే), జిప్‌గా కుదించాక రియాక్ట్‌కి 60 కేబీ దగ్గర, వ్యూకి 25 లోపు, స్వెల్ట్‌కి అంతకన్నా తక్కువ వచ్చింది. స్వెల్ట్ చేసే పనంతా బిల్డ్ సమయంలోనే చేసేస్తుంది కాబట్టి ఫోన్‌కి వెళ్లేది కొంచెమే. నాకు అది చాలా నచ్చింది, మనసులో అప్పటికే స్వెల్ట్‌కి ఓటేసేశాను. కానీ మా పాత పేజీ లోడ్ అయ్యేటప్పుడు ఏమేం దిగుతున్నాయో చూస్తే అన్నిటికన్నా పెద్దది తెలుగు ఫాంటు. రెగ్యులర్, బోల్డ్ రెండూ కలిపి ఈ మూడు లైబ్రరీల్లో దేనికన్నా బరువు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నోటో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది. మాది తీసేశాం. పేజీ తెరుచుకోవడంలో తేడా వెంటనే తెలిసింది, ఇంకా ఏ లైబ్రరీ ఎంచుకోకముందే.

అప్పుడు మిత్రుడు ఒక పద్ధతి చెప్పాడు. మా అన్ని స్క్రీన్లలోకీ కష్టమైనది లాట్ ఎంట్రీ. దాన్నొక్కదాన్నే ముగ్గురం మూడు లైబ్రరీల్లో రాయాలి. ఐదు రోజులు గడువు. అందులో పాటదారు పేరు వెతకాలి, చేప రకం, తూకం, రేటు కొట్టాలి, కమీషన్ పోను మొత్తం పైనా కిందా కనిపించాలి, నెట్ పోయినా ఫోన్‌లో నిలవాలి. ఆ తర్వాత ఒకరి కోడ్ ఇంకొకరికి ఇచ్చి, ఒక లాట్‌ను ఇద్దరు పాటదారులకు పంచే వెసులుబాటు చేర్చమనాలి. చివర్లో మూడింటినీ హార్బర్‌కి తీసుకెళ్లాలి. అతను రియాక్ట్ తీసుకున్నాడు. నేను స్వెల్ట్. జూనియర్‌కి వ్యూ.

రియాక్ట్ స్క్రీన్ రెండు రోజుల్లో లేచి నిలబడింది. చేతికి అలవాటైన పని. కానీ పాత ఫోన్‌లో పెట్టి 180 లాట్లు నింపాక రేటు గడిలో అంకె కొడితే కాసేపటికి కనిపించడం మొదలైంది. ఒక్క అక్షరానికి పట్టిక మొత్తం తిరిగి లెక్కగట్టేస్తోంది. అతను కాంపొనెంట్‌ని (స్క్రీన్‌లో ఒక భాగాన్ని గీసే కోడ్‌ని) ముక్కలు చేసి, మారని ముక్కను మళ్లీ గీయకుండా ఆపే మెమో వాడి, గంటలో సరిచేశాడు. తెలిసినవాడికి గంట, తెలియనివాళ్లకు ఎంతో చెప్పలేను.

రెండో తప్పు మాత్రం ముగ్గురినీ భయపెట్టింది. మూడో లాట్ డిలీట్ చేస్తే వరస పోయింది, దాని తూకం మాత్రం పోలేదు. మూడో లాట్ కోసం కొట్టిన తూకం వచ్చి కింది లాట్ పక్కన కూర్చుంది. వంజరం తూకం చందువ పేరు మీద. కారణం, ఏ వరస ఏదో లైబ్రరీ గుర్తుపట్టే కీ కింద వరస సంఖ్యనే ఇచ్చాడు. ఒకటి తీసేస్తే నాలుగోది మూడోది అవుతుంది, రియాక్ట్ దృష్టిలో మూడోది అక్కడే ఉంది, అది దాచుకున్న తూకమూ అక్కడే ఉంది. ప్రతి లాట్‌కి సొంత ఐడీ ఇచ్చి దాన్ని కీగా పెట్టగానే పోయింది. న్యాయంగా చెప్పాలంటే ఇది రియాక్ట్‌కి మాత్రమే ఉన్న సంగతి కాదు. వ్యూలోనూ, స్వెల్ట్‌లోనూ కీ సరిగా ఇవ్వకపోతే ఇదే జరుగుతుంది. మిగతా రెండింట్లో మేము ముందే జాగ్రత్తపడ్డామంటే ఆ రోజు అది చూశాం కాబట్టే.

నా స్వెల్ట్ కోడ్ మూడింట్లోకీ చిన్నది. రాస్తుంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఒక చలరాశి పెట్టి, దాని మీద ఆధారపడే మొత్తాన్ని పక్కన రాస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. అయితే 2024 అక్టోబరులో వచ్చిన స్వెల్ట్ 5తో రాసే తీరు మారింది. రూన్స్ అనే కొత్త గుర్తులు వచ్చాయి. నేను ఏదైనా సందేహం వచ్చి వెతికితే దొరికే జవాబుల్లో సగం పాత పద్ధతివి. ఏఐని అడిగినా పాతదీ కొత్తదీ కలిపేసి ఇచ్చేది. నాకు రెండూ తెలుసు కాబట్టి ఏరుకోగలిగాను. కోడ్ మార్చుకునే రోజు మిత్రుడు నా దాంట్లో లాట్ పంచే పని పెట్టుకుని, పాత సింటాక్స్‌తో ఒక పూట పోగొట్టుకున్నాడు. అతనికే అలా అయితే, నేను ఊళ్లో లేని రోజున జూనియర్ పరిస్థితి ఏమిటన్న ప్రశ్న ఆ సాయంత్రం నా మనసులో పడింది. ఇక పోలేదు.

జూనియర్‌కి రియాక్ట్ కోడ్ ఇచ్చాం. రెండు రోజులు పట్టింది. లాట్ పంచినప్పుడు మొత్తం మార్చాలని, ఏదైనా మారినప్పుడు నడిచే యూజ్‌ఎఫెక్ట్‌లో స్టేట్‌ని (స్క్రీన్ వెనకున్న లెక్కని) మార్చింది, స్టేట్ మారగానే అదే యూజ్‌ఎఫెక్ట్ మళ్లీ నడిచింది, అలా ఆగకుండా తిరిగి పేజీ బిగుసుకుపోయింది. తప్పు ఎక్కడుందో తనే కనిపెట్టింది. కానీ ఆ రెండో రోజు సాయంత్రం తన ముఖంలో టెన్షన్ చూస్తే, ఇది ఒక్కసారితో పోయేది కాదనిపించింది.

తన వ్యూ కోడ్ నాకొచ్చింది. అంతకుముందు నేను వ్యూలో ఒక్క లైను రాయలేదు. అయినా మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు లాట్ పంచడం పూర్తయింది. టెంప్లేట్ చూస్తే మామూలు హెచ్‌టీఎంఎల్‌లా చదువుకోవచ్చు, లెక్కలన్నీ ఒకచోట, కంప్యూటెడ్ అనే భాగంలో ఉన్నాయి, ఎక్కడ చెయ్యి పెట్టాలో చూడగానే తెలుస్తోంది.

ఏప్రిల్ చివర్లో మూడింటినీ పట్టుకుని హార్బర్‌కి వెళ్లాం. వేలం లేదు కాబట్టి బాబాయ్‌కి తీరికుంది. పోయిన సీజన్ పుస్తకం తెరిచి అందులో పద్దులు చూస్తూ ఆయన ఫోన్‌లోనే కొట్టమన్నాం. మూడేళ్ల కిందటి ఫోన్, మూడు జీబీ ర్యామ్, స్క్రీన్ మీద ఒక మూల నుంచి పగులు.

ముందు వ్యూ ఇచ్చాం. పేరు వెతికే గడిలో ఆయన తెలుగు కీబోర్డుతో అప్పలరాజు అని కొట్టడం మొదలుపెట్టారు. ఏమీ రాలేదు. పేరు పూర్తయింది, అయినా జాబితా కదల్లేదు.

"ఏటి బాబూ, కొడతంటే రాదేటి?"

చివర్లో వేలు స్పేస్ మీద పడగానే ఒక్కసారి జాబితా మొత్తం ఊడిపడింది. జూనియర్ ముఖం పాలిపోయింది. ల్యాప్‌టాప్‌లో వంద సార్లు చూసింది, అక్కడ ప్రతి అక్షరానికీ జాబితా తగ్గుతూ వచ్చేది. రియాక్ట్ దాంట్లో, నా స్వెల్ట్ దాంట్లో ఇదే ఫోన్‌లో అక్షరం అక్షరానికీ వచ్చింది.

తిరిగొచ్చాక వ్యూ డాక్యుమెంటేషన్‌లో వెతికితే అక్కడే ఉంది. చైనీస్, జపనీస్, కొరియన్ లాంటి భాషల్లో కీబోర్డు పదాన్ని ఇంకా కూరుస్తూ ఉన్నంతసేపు వీ-మోడల్ (గడినీ దాని వెనకున్న విలువనూ కలిపే వ్యూ సదుపాయం) విలువను మార్చదు, కావాలంటే విలువను, ఇన్‌పుట్ ఈవెంట్‌ను విడివిడిగా కట్టుకోండి అని. తెలుగు పేరు అందులో లేదు. కానీ ఆండ్రాయిడ్ కీబోర్డు పదం కింద గీత గీసి ఉంచినంతసేపు అది కూరుస్తున్నట్టే లెక్క. వెతుకుడు గడికి ఆ ఒక్క లైను మార్చాం. మర్నాడు మళ్లీ వెళ్లి ఇస్తే, అ, ప్ప అనేసరికి అప్పలరాజులందరూ వచ్చేశారు. మా విశాఖలో సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. ఒక్క వ్యాపారి జాబితాలోనే పద్నాలుగు మంది ఉన్నారు. పక్కన పెదజాలారిపేట, మంగమారిపేట, పూడిమడక అని ఊరు చూపిస్తేనే ఎవరు ఎవరో తెలిసేది. పేరు మొత్తం కొట్టి స్పేస్ నొక్కేదాకా ఆగమంటే, పాట నడిచే వేగంలో అది కుదిరే పని కాదు.

తెలుగులో అప్లికేషన్లు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏ లైబ్రరీ తీసుకున్నా సరే, ప్రతి గడినీ అసలు ఫోన్‌లో అసలు తెలుగు కీబోర్డుతో కొట్టి చూడండి. ల్యాప్‌టాప్‌లో ఈ తేడా కనబడదు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని తేల్చాం. వ్యూ. నా మనసు స్వెల్ట్ మీద ఉంది, ఇప్పటికీ ఉంది. మిత్రుడు రియాక్ట్ గురించి చెప్పినదీ నిజమే. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తే రియాక్ట్ లేని బోర్డు ఉండదు. రేపు మనిషి కావాలంటే రియాక్ట్ వచ్చినవాళ్లు పది మంది దొరుకుతారు, వ్యూ వచ్చినవాళ్లను వెతుక్కోవాలి. మాది పది మంది టీము అయ్యుంటే నేనే రియాక్ట్‌కి చెయ్యెత్తేవాణ్ని. కానీ ఉన్నది ముగ్గురం. ముగ్గురిలో ఎవరి కోడ్ ఎవరికిచ్చినా తక్కువ సమయంలో పనైంది వ్యూలోనే. ఇంకోటి, పాత పేజీలో ఒక స్క్రిప్ట్ ట్యాగ్‌తో వ్యూని పెట్టి, ఒక్కో స్క్రీన్‌నూ విడిగా మార్చుకుంటూ పోవచ్చు. జూన్ 14 నాటికి పదకొండులో నాలుగు మిగిలిపోయినా పాతవి పాతగానే నడుస్తాయి. గడువు కొట్టుకుపోతే సీజన్ మొత్తం పోయే మాకు ఆ ధీమా చాలా పెద్దది.

ఇక బటన్లు, పట్టికలు, తేదీ పెట్టెలు చేసిపెట్టిన కాంపొనెంట్ కిట్టు ఒకటి తీసుకుందామనుకున్నాం. చూడటానికి చక్కగా ఉన్నదాన్నే తెచ్చి పెట్టాం. బోట్ల పేర్ల జాబితా తెరిస్తే "లక్ష్మి" అన్న చోట క్ష కింద వేలాడాల్సిన మ వత్తు సగానికి తెగిపోయింది. మత్స్యలో, కృష్ణలో కూడా అదే. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయేలా గడి ఎత్తు బిగించేశారు, పొంగినది కత్తిరించేయమని రాశారు. తెలుగుకి కింద వత్తులకూ పైన గుడికీ చోటు కావాలి. మేము లైను ఎత్తు పెంచితే బటన్ లోపల అక్షరం పైకి జరిగింది, బటన్ ఎత్తు పెంచితే తేదీ పెట్టె చెదిరింది. దాని అంకెల గడి కూడా 12,34,567 అని చూపాల్సింది 1,234,567 అని చూపించింది. రెండు రోజులు దానితో పెనుగులాడి తీసేశాం. మాకు నిజంగా కావాల్సినవి ఏడే ఏడు కాంపొనెంట్లు. జూనియర్ వాటిని వారంలో రాసింది. లైను ఎత్తు 1.7 పెట్టింది. ఇప్పుడు లక్ష్మి నిండుగా కనిపిస్తుంది.

జూన్ 14 నాటికి తొమ్మిది స్క్రీన్లు అయ్యాయి. మిగిలిన రెండూ నెలవారీ రిపోర్టులు. వాటిని పాత జేక్వెరీలోనే వదిలేశాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

నిషేధం ముగిసి బోట్లు వెళ్లాయి. మొదటి సరుకు దిగిన రోజున నేనూ జూనియర్ తెల్లవారకముందే హార్బర్‌లో ఉన్నాం. బాబాయ్ కాటా పక్కన నిలబడి ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, తడి వేలిని చొక్కాకు తుడుచుకుంటూ కొడుతున్నారు. ఒక రొయ్యల లాట్ తూకం దిద్దారు. నా కళ్లు పైబార్ మీదే ఉన్నాయి. పైనా కిందా ఒకే అంకె వచ్చింది. ఆయన అది గమనించనే లేదు, అప్పటికే తర్వాతి లాట్‌కి పేరు కొట్టేస్తున్నారు.

పాట అయ్యాక జూనియర్‌ని పిలిచి అడిగారు, "అమ్మా, ఐసు ఖర్చు ఇందులో ఎక్కడ రాసుకోవాలి? ప్రతి బోటుకీ వేరేగా ఉంటది కదా." తను ఆటోలో వస్తూనే పుస్తకంలో గీసుకుంది. సాయంత్రానికి ఆ గడి స్క్రీన్‌లో ఉంది.